యజమాని ధర్మము



దేవాలయములో ప్రసంగమనగానే భక్తిని గురించియో, మోక్షమును గురించియో మాటలాడుదురని శ్రోతలు ఎదురుచూచుట సహజము. నేను ఎంచుకొన్న విషయము కొందరికి కేవలము లౌకికముగా తోచవచ్చును. అయితే మీలో చాలమంది తెల్లవారి లేచి ఆఫీసునకో, బ్యాంకునకో, ఫ్యాక్టరీకో, దుకాణమునకో పోవువారు. మేలుకొని ఉన్న కాలములో సగము మీకు అక్కడనే గడచుచున్నది. ఆ సగములో ధర్మము విడిచి, మిగిలిన సగములో పూజ చేసినచో ఆ పూజకు బలమెక్కడిది? కావున పనిచేయుచోట పెద్దవాడు తన క్రిందివారిపట్ల ఎట్లు మెలగవలెను, అతని పెద్దరికము దేనిమీద నిలుచును అను విషయమున మన పెద్దలు ఏమి చెప్పినారో నేడు విచారింతము.

యజమాని అను మాట

పని ఇచ్చి జీతమిచ్చువానిని మనము ‘యజమాని’ అందుము. ఈ మాట ఎక్కడిది? వేదములోని యజమాన శబ్దమునుండి వచ్చినది. యజ్ఞమును సంకల్పించి, తన ద్రవ్యమును త్యాగము చేయువాడు యజమానుడు. యజ్ఞఫలము అతనిదే. కాని అతడు ఒంటరిగా యజ్ఞము చేయగలడా? చేయలేడు. సోమయాగమునకు పదునారుగురు ఋత్విక్కులు కావలెను. ఋక్కులు చదువుటకు హోత, యజుస్సులతో కర్మ నడపుటకు అధ్వర్యుడు, సామగానమునకు ఉద్గాత, అన్నిటిని కనిపెట్టి చూచుటకు బ్రహ్మ. ఈ నలుగురిలో ఒక్కొక్కరి వెంట ముగ్గురేసి. సోమమును నూరు రాళ్లను స్తుతించుట మాత్రమే పనిగా గల గ్రావస్తుత్తు అనువాడు కూడ వీరిలో ఒకడు. అతని పని చిన్నదిగా కనిపించును. కాని అతడు లేనిచో యాగము సాగదు.

ఈ పదునారుగురిని యజమానుడు ఎట్లు పనిలోనికి తీసికొనును? ‘రండు, చేయుడు’ అని ఆజ్ఞాపించడు. ఒక్కొక్కరిని ప్రార్థించి వరించును. దానికే ఋత్విగ్వరణమని పేరు. నా పని మీ వలన కావలసియున్నది అని ముందుగా ఒప్పుకొనుట దాని తాత్పర్యము. నేను లేనిచో వీరికి బ్రతుకు లేదు అని తలచువాడు జీతమిచ్చువాడు కావచ్చును గాని, యజమాని కాడు. వీరు లేనిచో నా సంకల్పము నెరవేరదు అని తెలిసికొన్నవాడే యజమాని.

దక్షిణ విషయము చూడుడు. మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయములో దీని విభాగము చెప్పబడినది. నూరు గోవులు దక్షిణ అయినచో దానిని పంచు లెక్కను వ్యాఖ్యాతలు వివరించినారు. ముఖ్యులైన నలుగురికి పండ్రెండేసి, రెండవ వరుసవారికి ఆరేసి, మూడవ వరుసవారికి నాలుగేసి, కడపటివారికి మూడేసి. కూడినచో 48, 24, 16, 12, వెరసి నూరు. విద్యను బట్టి, బాధ్యతను బట్టి తేడా ఉన్నది. లేదని ఎవరును అనరు. కాని మొదటివానికి, చివరివానికి నడుమ ఉన్నది నాలుగు రెట్ల తేడాయే. ఎవ్వడును రిక్తహస్తములతో పోడు. ఎవనికెంత అన్నది పెద్దవాని ఇష్టాయిష్టములను బట్టి పని ముగిసిన తరువాత తేలునది కాదు. ముందే ఏర్పడియున్నది. కలిసి పనిచేయు ఇతరులును ఇదే న్యాయమున తమ భాగములను పంచుకొనవలెనని అక్కడనే చెప్పబడినది. అనగా ఇది యాగశాలకు మాత్రమే పరిమితమైన మాట కాదు.

తప్పు జరిగినప్పుడు

ఇప్పుడు బ్రహ్మ అను ఋత్విక్కును గురించి కొంచెము చెప్పవలెను. పెద్దరికము యొక్క రహస్యమంతయు ఆయన స్థానములో ఉన్నది.

బ్రహ్మ యాగశాలలో దక్షిణమున కూర్చుండును. చాలవరకు మౌనముగా ఉండును. కాని అందరి పనియు ఆయనకు తెలిసియుండవలెను. మూడు వేదముల కర్మయు ఆయన మనస్సులో నడచుచుండును. ఛాందోగ్యోపనిషత్తు నాలుగవ అధ్యాయము ఈ విషయమును రథముతో పోల్చి చెప్పినది. యజ్ఞమునకు రెండు మార్గములు, ఒకటి వాక్కు, రెండవది మనస్సు. హోత మొదలైనవారు వాక్కుతో ఒక మార్గమును నడపుదురు. బ్రహ్మ మనస్సుతో రెండవ మార్గమును నడపును. ఆయన తన వంతు కాని వేళ మౌనము విడిచి మాటలాడినచో యజ్ఞము ఒంటిచక్రపు బండివలె కుంటువడును. ప్రతి చిన్న విషయములో చేయి పెట్టి, పనివానిని పని చేయనీయక ప్రక్కన నిలిచి మాటలాడుచుండు అధికారులు ఈ ఉపమానమును గుర్తుంచుకొనవలెను.

మరి తప్పు జరిగినప్పుడో? ఋక్కులో లోపము వచ్చినచో గార్హపత్యాగ్నిలోను, యజుస్సులో వచ్చినచో దక్షిణాగ్నిలోను, సామములో వచ్చినచో ఆహవనీయాగ్నిలోను ప్రాయశ్చిత్తాహుతి చేయవలెను. తప్పు చేసిన ఋత్విక్కును సభలో నిలబెట్టి అవమానింపుమని అక్కడ చెప్పలేదు. కంసాలి వెలిగారము వేసి బంగారమును అతికించినట్లు, విరిగిన చోటును అతుకవలెనని చెప్పబడినది. అట్టి బ్రహ్మ యజ్ఞమును, యజమానుని, ఋత్విక్కులందరిని కాపాడును అని ఉపనిషత్తు ముగించినది. తప్పు చేసినవాడు కూడ ఆ కాపాడబడువారిలో ఉన్నాడు. ఇది మనము గమనింపవలసిన విషయము.

వేదపాఠశాలలో చదివినవారికి దీని అనుభవము కలదు. సంత చెప్పునప్పుడు గురువు ఒక మారు పలుకును, శిష్యులు రెండు మారులు పలుకుదురు. స్వరము తప్పినచో కొందరు గురువులు చేతిని కొంచెము పైకో క్రిందికో కదల్చి సరిచేయుదురు. శిష్యుడు వెంటనే దిద్దుకొనును. మరికొందరు తప్పు వినగానే మండిపడుదురు. అట్టి గురువు ఎదుట శిష్యులు ఏమి చేయుదురు? సందేహమున్న చోట గొంతు తగ్గించి గొణుగుదురు. పదిమంది గొంతులలో తమ గొంతును కలిపివేయుదురు. తప్పు పోదు, దాగును. దాగిన తప్పు నోటిలో నిలిచిపోయి, ఆ శిష్యుడు గురువైన తరువాత అతని శిష్యుల నోటికి ఎక్కును. కోపముతో గురువు సాధించినది ఇదే. తప్పును తొలగింపలేదు సరికదా, దానికి ఆయుర్దాయము పెంచినాడు.

దీనికి ఎదురుగా తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలోని ఆచార్యుని చూడుడు. చదువు ముగించి ఇంటికి పోవు శిష్యునితో, మా నడవడిలో మంచివి ఏవి కలవో వానినే నీవు అనుసరింపుము, తక్కినవానిని కాదు అని ఆయన చెప్పుచున్నాడు. తనలో విడువదగినవి కూడ ఉండవచ్చునని శిష్యుని ఎదుట ఒప్పుకొనుచున్నాడు. తనను పరీక్షించు అధికారము శిష్యునికి ఇచ్చుచున్నాడు. ఇంతటి ధైర్యము గలవానికే గురుపీఠము తగును.

భయము పనిని చెరచిన విధము

ఈ మాటనే వాల్మీకి మహర్షి కిష్కింధాకాండలో కథగా చూపినాడు.

సుగ్రీవుడు సీతమ్మను వెదకుటకు వానరులను నాలుగు దిక్కులకు పంపినాడు. ఒక మాసము గడువు పెట్టినాడు. గడువు మీరి వచ్చినవానికి వధ తప్పదని శాసించినాడు. దక్షిణమునకు పోయినవారు అంగదుడు, జాంబవంతుడు, హనుమంతుడు మొదలైనవారు. బుద్ధిలో, బలములో వీరికి సాటి లేదు. కాని దారిలో స్వయంప్రభ గుహలో చిక్కుకొన్నారు. బయటికి వచ్చునప్పటికి గడువు దాటినది.

అప్పుడు అంగదుడు చేసిన ఆలోచన ఏమి? ఇంకను గట్టిగా వెదకుదమనియా? ఆలస్యమునకు కారణము రాజునకు విన్నవింతమనియా? కాదు. సుగ్రీవుని చేతిలో చచ్చుటకంటె ఇక్కడనే ప్రాయోపవేశము చేసి ప్రాణములు విడుచుట మేలని దర్భలపై పండుకొన్నాడు. తక్కినవారును పండుకొన్నారు. పనికి కావలసిన శక్తి అంతయు అక్కడనే ఉన్నది. నూరు యోజనముల సముద్రమును దాటగల హనుమంతుడు ఆ గుంపులోనే ఉన్నాడు. అయినను భయము ఆ శక్తిని నేలపై పండుకొనబెట్టినది. దైవవశమున సంపాతి వారి మాటలలో తన తమ్ముడైన జటాయువు పేరు విని ఉండనిచో, రామకార్యము ఆ ఒడ్డుననే ముగిసెడిది. వాయిదా పెట్టుట తప్పు కాదు. వాయిదా దాటినవాడు వచ్చి కారణము చెప్పుకొనుటకు త్రోవ లేకుండ చేయుట తప్పు.

సీతమ్మ లంకలో ఉన్నదని సంపాతి చెప్పిన తరువాత జాంబవంతుడు ఏమి చేసినాడో చూడుడు. ఎవడెంత దూరము దుముకగలడో ఎవరికి వారే చెప్పినారు. తాను వృద్ధుడనని, తొంబది యోజనములు మాత్రమే పోగలనని జాంబవంతుడు దాపరికము లేక చెప్పినాడు. అంగదుడు నూరు పోగలను గాని తిరిగివచ్చుట సందేహమన్నాడు. ఎవరును ఎవరిని పరిహసింపలేదు. అప్పుడు ఆ వృద్ధుడు ఒక మూల మౌనముగా కూర్చున్న హనుమంతుని వద్దకు పోయి, అతని పుట్టుకను, బలమును గుర్తుచేసినాడు. ‘నీవు పోకున్నచో ఏమగునో చూడుము’ అని బెదిరింపలేదు. ‘నీవెవ్వడవో మరచితివి’ అని చెప్పినాడు. ప్రతి ఆఫీసులోను ఒక మూల మౌనముగా కూర్చున్నవాడు ఒకడుండును. వానిలో ఏమున్నదో చూచి వానికే చెప్పగలవాడు పెద్దవాడు. భయము పండుకొనబెట్టిన సేనను ఈ ఒక్క మాట లేపినది.

సుగ్రీవుని యెడల మనము అన్యాయము చేయరాదు. ఆయనయే సుందరకాండలో మరియొక విధముగా కనిపించును. కార్యము సాధించి తిరిగివచ్చు వానరులు ఆనందముతో రాజుగారి మధువనములో చొరబడి తేనె త్రాగి, చెట్లు విరిచి, కావలివారిని కొట్టినారు. వనరక్షకుడైన దధిముఖుడు సాక్షాత్తు రాజునకు మేనమామ. ఆయన వచ్చి మొరపెట్టుకొన్నాడు. సుగ్రీవుడు కోపపడవలసిన సమయమే. కాని ముందుగా కారణము ఆలోచించినాడు. పని నెరవేరనిచో వారు ఇంతటి సాహసము చేయరు, తప్పక సీతమ్మ జాడ తెలిసియుండును అని గ్రహించి వారిని క్షమించి, త్వరగా పంపుమని కబురు చేసినాడు. పనివానియందు దోషము కనబడినప్పుడు దోషమును మాత్రమే చూచువాడు ఒకడు. దాని వెనుకనున్న కారణమును చూచువాడు మరియొకడు. రెండవవానికి శుభవార్త ముందుగా తెలియును.

నిజము చెప్పినవారి గతి

రావణునికి లేనిదేమి? బలము కలదు, విద్య కలదు, ఐశ్వర్యము కలదు. లేనిది ఒక్కటే. అతని ఎదుట నిజము చెప్పి నిలువగలవాడు లేడు. మారీచుడు ముందుగానే హెచ్చరించినాడు, చంపుదునని బెదిరించి వానిని వెంట తీసికొనిపోయినాడు. విభీషణుడు హితము చెప్పినాడు, పరుషవాక్యములతో వానిని వెళ్లిపోవునట్లు చేసినాడు.

శుకసారణుల వృత్తాంతము మరింత గుర్తుంచుకొనదగినది. వీరు రావణుని మంత్రులు. వానరరూపమున రామసేనలో చొరబడి బలము లెక్కించి రమ్మని పంపబడినారు. విభీషణుడు గుర్తించి పట్టుకొని రాముని ఎదుట నిలిపినాడు. రాముడు నవ్వి, చూడవలసినదంతయు చూచినచో పొండు, ఇంకను చూడవలసినది మిగిలియున్నచో చూచి పొండు, కావలెనన్నచో విభీషణుడే చూపించును అని విడిచిపెట్టినాడు. వారు లంకకు పోయి చూచినది చూచినట్లు చెప్పినారు. రావణుడు ఏమి చేసినాడు? శత్రువును పొగడుచున్నారని మండిపడి, పూర్వము చేసిన సేవను తలచి ప్రాణములతో విడుచుచున్నానని చెప్పి, తన ఎదుటనుండి వెడలగొట్టినాడు. శత్రువు వద్ద అభయము, స్వామి వద్ద అవమానము! ఆ దినముతో ఆ సభలో ఉన్న ప్రతివాడును ఒక పాఠము నేర్చుకొని ఉండును. ఇకపై ప్రభువునకు ఇష్టమైనదే చెప్పవలెనని. లంక కాలినది హనుమంతుని తోకతో. కూలినది ఈ పాఠముతో.

ఇది పురాణకాలపు ముచ్చట మాత్రమే అని ఎవరును అనుకొనరాదు. 1986 జనవరి 28న అమెరికాలో ఛాలెంజర్ అను అంతరిక్షనౌక పైకి ఎగసిన 73 సెకండ్లకే పగిలి ఏడుగురు మరణించినారు. ముందు రాత్రియే, రాకెట్టు తయారుచేసిన కంపెనీ ఇంజనీర్లు కొందరు, ఇంతటి చలిలో రాకెట్టు అతుకులలోని రబ్బరు వలయములు సరిగా పనిచేయకపోవచ్చును, రేపు ప్రయోగింపవద్దు అని స్పష్టముగా చెప్పినారు. పైవారు మొదట విన్నారు. కాని తేదీ మీరుచున్నదను తొందరలో ఆ మాటను ప్రక్కకు నెట్టినారు. తెలిసినవారు లేక కాదు, చెప్పినవారు లేక కాదు, చెప్పినది పైకెక్కుటకు త్రోవ లేక ఏడు ప్రాణములు పోయినవి. మీ ఫ్యాక్టరీలో బాయిలరు శబ్దము మారినదని మొదట వినువాడు మేనేజరు కాడు, దాని ప్రక్కన నిలుచు కూలివాడు. ఆసుపత్రిలో మందు మారినదని మొదట చూచునది పెద్ద డాక్టరు కాదు, రాత్రి డ్యూటీలోని నర్సు. వారికి నోరు తెరచు ధైర్యము మీరు ఇచ్చితిరా లేదా? ప్రాణములు దీనిమీద ఆధారపడియున్నవి.

నింద తనకు, కీర్తి తనవారికి

ఇక మంచి పెద్దరికమునకు ఒక ఉదాహరణము. అది మన ఆంధ్రభూమిలోనే జరిగినది. నెల్లూరు తీరమున శ్రీహరికోటలో 1979 ఆగస్టు 10న ఎస్.ఎల్.వి.-3 రాకెట్టును మొదటిసారి ప్రయోగించినారు. అది కక్ష్యను చేరక బంగాళాఖాతములో పడినది. ఆ పనికి నాయకుడు అబ్దుల్ కలాంగారు. సంస్థకు అధ్యక్షుడు సతీష్ ధావన్‌గారు. విలేకరులు ప్రశ్నించుటకు వచ్చినప్పుడు ధావన్‌గారు తామే ముందు కూర్చుండి, ఆ వైఫల్యమును తమపై వేసికొని, తమవారిమీద తమకు నమ్మకమున్నదని చెప్పినారు. మరుసటి సంవత్సరము, 1980 జూలై 18న, అదే రాకెట్టు రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో నిలిపినది. ఆనాడు ధావన్‌గారు కలాంగారిని పిలిచి, విలేకరులతో నీవే మాటలాడుమని పంపినారు. ఈ విషయమును కలాంగారే తరువాత ఎన్నో సభలలో చెప్పినారు. ధావన్‌గారు 2002లో స్వర్గస్థులైన పిమ్మట శ్రీహరికోట కేంద్రమునకు ఆయన పేరే పెట్టినారు. కీర్తిని ఇతరులకు వదలినవానిని కీర్తి వెదకికొని వచ్చినది.

ఇది రామచంద్రుని మార్గమే. యుద్ధకాండ ఆరంభమున హనుమంతుడు సీతమ్మ వార్త తెచ్చినప్పుడు రాముడు అందరి ఎదుట అతని పనిని వివరించి మెచ్చుకొన్నాడు. ఇంతటి మేలు చేసినవానికి తగినట్లు ఇచ్చుటకు తన వద్ద ఏమియు లేదే అని బాధపడినాడు. ఉన్నది తన కౌగిలి ఒక్కటే అని దానినే ఇచ్చినాడు. రాజ్యము లేదు, కోశము లేదు, అడవిలో ఉన్నాడు. అయినను ఇవ్వగలిగినాడు. ‘పైవారు నిధులు ఇచ్చుట లేదు, నేనేమి ఇవ్వగలను’ అనువారికి ఇది సమాధానము. మెచ్చుకోలునకు బడ్జెట్టు అక్కరలేదు.

జీతము వేళకు ఇచ్చుట

మంచి మాట చెప్పి జీతము ఆపువారును కలరు. కావున ఈ విషయమును విడిగా చెప్పవలసియున్నది.

అయోధ్యాకాండ నూరవ సర్గలో చిత్రకూటమున రాముడు భరతుని కుశలమడుగుచు రాజధర్మమంతయు ప్రశ్నల రూపమున బోధించినాడు. అందులో ఒక ప్రశ్న ఇది. సైన్యమునకు తగిన బత్తెమును, జీతమును తగిన కాలమున ఇచ్చుచున్నావా, ఆలస్యము చేయుట లేదుగదా? కారణము కూడ చెప్పినాడు. వేళ దాటినచో భృత్యులు ప్రభువుమీద కోపింతురు, అది పెద్ద అనర్థమునకు దారితీయును. తండ్రి మరణించినాడని ఇంకను తెలియని వేళ, అన్నదమ్ములు అడవిలో కలిసికొన్న వేళ, రామునికి పనివాని జీతము గుర్తున్నది!

మహాభారతము సభాపర్వములో నారదుడు ధర్మరాజును అడిగిన ప్రశ్నలు కూడ ఇట్టివే. పదకొండవ శతాబ్దమున రాజమహేంద్రవరమున నన్నయభట్టారకుడు ఈ ఘట్టమును తెలుగు చేసినాడు. జీతము వేళకు ఇచ్చుచున్నావా అని మాత్రమే నారదుడు అడుగలేదు. తన ప్రయత్నముతో పనికి శోభ తెచ్చినవానికి ఎక్కువ గౌరవము, ఎక్కువ జీతము ఇచ్చుచున్నావా? నీ కొరకు మరణించినవారి భార్యలను పోషించుచున్నావా? దోషము తేలకముందే, మేలుకోరు సమర్థుని పనినుండి తొలగించుట లేదుగదా? శిల్పులకు కావలసిన సామగ్రిని కనీసము నాలుగు మాసములకు సరిపడ ఇచ్చుచున్నావా? పనిముట్టు ఇయ్యక పని కాలేదని కోపపడు అధికారులకు ఈ కడపటి ప్రశ్న చాలును.

మనుస్మృతి మరియొక మాట చెప్పినది. రోగము వలన పని ఆపిన పనివాడు, స్వస్థుడై వచ్చి ఒప్పుకొన్న పని పూర్తిచేసినచో, ఎంత కాలము గడచినను అతని జీతము అతనికి చెందవలసినదే. మన దేశమున 1936లో వేతన చెల్లింపు చట్టము వచ్చినది. వేయిమంది లోపు పనివారున్న చోట వేతనకాలము ముగిసిన ఏడు దినములలోగా, అంతకు మించినచోట పది దినములలోగా జీతము చేతికి అందవలెనని ఆ చట్టము విధించినది. దానిని 2019లో పార్లమెంటు ఆమోదించిన వేతనముల స్మృతిలో కలిపినారు. చట్టము దినములను లెక్కించును. ధర్మము ఆ దినములలో పనివాని ఇంట ఏమి జరుగుచున్నదో చూచును. ఒకటవ తేదీన అద్దె కట్టవలసినవానికి పదిహేనవ తేదీన ఇచ్చిన జీతము పూర్తి జీతము కాదు. నడుమ చేసిన అప్పునకు వడ్డీ దానినుండి పోయినది. ఆ వడ్డీ యజమాని ఖాతాలో పాపముగా జమపడును.

మెత్తదనము వేరు, మంచితనము వేరు

ఇక్కడ ఒక సందేహము రావచ్చును. ‘అయ్యా! ఇంత మంచిగా ఉన్నచో పని సాగునా? భయము లేకున్నచో ఎవడు పనిచేయును?’ ఇది పనిచేయించువారి నిజమైన సందేహము. దీనిని త్రోసివేయరాదు.

భయము పనిచేయించును, నిజమే. కాని యజమాని కన్ను ఉన్నంతవరకే. యుద్ధకాండలోనే రాముడు భృత్యులను మూడు తెరగులుగా చెప్పినాడు. అప్పగించిన కష్టమైన పనిని చేసి, దానికి అనుకూలమైన మరియొక పనిని కూడ ప్రేమతో చేయువాడు ఉత్తముడు. శక్తి ఉండియు చెప్పినంతవరకే చేయువాడు మధ్యముడు. శక్తి ఉండియు చెప్పినది కూడ చేయనివాడు అధముడు. భయము అధముని మధ్యముని చేయగలదేమో. మధ్యముని ఉత్తముని మాత్రము చేయలేదు. చెప్పనిదానిని ప్రేమతోనే చేయుదురు గాని, భయముతో ఎవడును చేయడు.

మంచితనమనగా చూచియు చూడనట్లుండుట కాదు. నారదుడు ధర్మరాజునకు చెప్పిన అనర్థములలో సోమరితనము, కోపములతో పాటు మెత్తదనము కూడ ఉన్నది. పనివారు బెదురు లేక ఎప్పుడును నీ ఎదుటనే మసలుట లేదుగదా, లేక అందరును నీ దరిదాపులకు రాకుండ దూరముగా నిలుచుట లేదుగదా అని రాముడు భరతుని అడిగి, నడిమి మార్గమే మేలన్నాడు. పని ఎగగొట్టువానిని ఉపేక్షించినచో ఆ భారము నిజాయితీగా చేయువానిమీద పడును. అది దయ కాదు, ఒకనియెడల దయ పేరుతో మరియొకనియెడల అన్యాయము. దండింపవలసినచో దండింపుడు. కాని ముందుగా విచారింపుడు. చేయని నేరము మోపబడినవాని కన్నీరు, దానిని మోపిన ప్రభువు సంతానమును, సంపదను నశింపజేయునని రాముడు అదే సర్గలో హెచ్చరించినాడు. తప్పు చెప్పవలసినచో గదిలోనికి పిలిచి చెప్పుడు. మెప్పు చెప్పవలసినచో పదిమందిలో చెప్పుడు. లోకములో జరుగుచున్నది దీనికి తలక్రిందులు.

మన ఇంట, మన గుడిలో

‘ఇది పెద్ద పెద్ద అధికారులకు గదా, నాకేమి’ అని ఎవరును అనుకొనవద్దు. అంట్లు తోము పనిమనిషి ఇంటికి వచ్చుచున్నదా? ఆమెకు మీరు యజమాని. కారు డ్రైవరు, తోటమాలి, దుకాణములోని కుఱ్ఱవాడు, వీరికి మీరే యజమాని. వారిని పేరుతో పిలుచుచున్నారా? జ్వరము వచ్చి రెండు దినములు రానిచో జీతము కోయుచున్నారా? గ్లాసు పగిలినచో వారు వచ్చి మీకు చెప్పుచున్నారా, లేక ముక్కలను పాతచీరలో చుట్టి చాటుగా పారవేయుచున్నారా? దానిని బట్టి మీ పెద్దరికము ఎంతటిదో మీకే తెలియును.

మనము కూర్చున్న ఈ మంటపమును తెల్లవారుజామున ఎవరో ఊడ్చినారు. ప్రసాదమునకు ఎవరో పొయ్యి ఊదినారు. స్వామికి మాల కట్టిన చేతులు ఎవరివో మనకు తెలియదు. వీరందరును ఈ యజ్ఞములోని ఋత్విక్కులే. గ్రావస్తుత్తు లేక యాగము సాగనట్లు, వీరు లేక ఉత్సవము సాగదు.

క్రింద పనిచేయువారికి కూడ ఒక మాట. యజమాని మంచివాడైనచో ఆ మంచితనమును అలుసుగా తీసికొనుట ద్రోహము. నిజము చెప్పు అవకాశము ఇచ్చినప్పుడు నిజమే చెప్పవలెను, తోటివానిమీద చాడీ చెప్పరాదు. నేడు క్రిందనున్నవాడే రేపు పైకి పోవును. తాను పడిన అవమానమును రేపు తన క్రిందివానికి అప్పగింపక తనతోనే ఆపినవాడు కోటి రామనామములు జపించినవానికి తీసిపోడని నా విశ్వాసము.

రేపు ఉదయము మీరు పనిచేయుచోటికి పోయినప్పుడు ఒక్క పని చేయుడు. మీ క్రింద పనిచేయువారిలో అందరికంటె చిన్నవానిని పిలిచి, ‘ఇక్కడ సరిగా లేనిది నాకు తెలియనిది ఏమైన ఉన్నదా?’ అని అడుగుడు. అతడు చెప్పినప్పుడు కోపపడక వినుడు. మొదటి దినము అతడు ఏమియు లేదండి అనును. రెండవ దినమును అట్లే అనును. ఓపికతో అడుగుచుండుడు. అతడు నోరు విప్పి ఒక లోపము చెప్పిన దినమున, ఋత్విక్కులు మిమ్ములను నిజముగా యజమానిగా వరించినట్లు భావింపుడు.

పనిచేయువారికి, చేయించువారికి పరస్పర విశ్వాసమును శ్రీస్వామివారు అనుగ్రహింతురు గాక!

స్వస్తి.